ఆకు సరే, అడుగు చూశారా?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఓ ఇంటి మేడ మీద, పెరటి తోటల వాళ్ళు కలుసుకున్నప్పుడు ఒక రిటైర్డ్ సైన్సు టీచరు చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు ఉన్నచోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ఆ పిట్టగోడ వైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎండ మీదకొస్తే ఇటు జరుగుదురుగాని.

నేను మాట్లాడ్డం మొదలెట్టే ముందు ఈ రెండు ట్రేలూ మీ అందరి చేతుల్లోంచి ఒకసారి వెళ్ళి రావాలి. రెండింట్లోనూ మిరప నారే. ఒకే పొట్లంలో గింజలు, ఒకే రోజు వేసినవి. పైన చూస్తే రెండింట్లోనూ కోకోపీట్, అదే మట్టికి బదులు వేసే కొబ్బరి పొట్టు, లేతరంగులో, పొడిపొడిగా, వేయించిన గోధుమరవ్వలా ఉంది. అవునా? ఇప్పుడు కళ్ళు పక్కన పెట్టి, చేత్తో ఎత్తి చూడండి.

(ట్రేలు చేతులు మారాయి.)

ఏమ్మా, ఏం తేడా? "ఒకటి అప్పడాల కట్టలా ఉంది టీచరుగారూ, ఇంకోటి ఇటుకలా ఉంది." బాగా చెప్పావు తల్లీ. ఆ ఇటుకకి నేను నీళ్ళు పోసి మూడు రోజులైంది. పైపొర ఫ్యాను గాలికి ఆరిపోయింది. కింద ఇప్పటికీ పిండితే కారేటంత నీరుంది.

మట్టిని చూసి పెరిగిన కళ్ళు మనవి. మట్టి తెల్లబడితే, నెర్రెలిస్తే నీళ్ళు పొయ్యాలని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ కళ్ళు కోకోపీట్ దగ్గర పనికిరావు. అది తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీళ్ళు తాగేసి, పైకి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. మనం పొద్దున్నే లేచి, అయ్యో ఎండిపోయింది అని ఓ చెంబు పోస్తాం. వేరుకి నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం. గాలాడని వేరు నీళ్ళలో మునిగి ఉండి కూడా నీళ్ళు తాగలేదు. దాంతో ఆకు వాడుతుంది. వాడిందని ఇంకో చెంబు పోస్తాం. నాకు ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది కథ ఈ రెండో చెంబు దగ్గరే ముగుస్తుంది.

అందుకని ఈవేళ నేను చెప్పేదానికి ఒక వరస ఉంది. నారు బాగులేదనిపిస్తే ఆకు దగ్గర మొదలెట్టకండి. ముందు ట్రే ఎత్తండి. తర్వాత ఒక మొక్క లాగి వేరు చూడండి. తర్వాత నీళ్ళు కొలవండి. ఆకు సంగతి ఆ తర్వాత. ఆకు ఎప్పుడూ ఆఖర్నే మాట్లాడుతుంది, అప్పటికి అడుగున జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది.

లాగడం అంటే కాడ పట్టుకుని పీకడం కాదు బాబూ. ఇదిగో, ట్రే అడుగు చిల్లులోంచి పెన్సిలు వెనకవైపుతో మెల్లిగా ఇలా తోస్తే, గడి అచ్చులో ముద్ద మొత్తం ఊడి వస్తుంది. ఇది తేలిక ట్రేలోది. చూశారా, ముద్ద చుట్టూ తెల్లటి వేళ్ళు, సన్న సేమ్యాలా అల్లుకుని ఉన్నాయి. చివర్లు నూగునూగుగా ఉన్నాయి. వాసన చూడండి, తడిసిన చెక్క వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు బరువు ట్రేలోది తోస్తున్నాను. ముద్ద రాలేదు, మధ్యకి విరిగిపోయింది. వేళ్ళు సగం గడి దాకా కూడా దిగలేదు, ఉన్న నాలుగు పోగులూ డికాషన్ రంగులో ఉన్నాయి. ఒక్కదాన్ని గోటితో ఇలా పట్టి లాగితే... ముందుకి రండి, వెనక వాళ్ళకి కనబడదు... పైతోలు నా వేళ్ళకి వచ్చేసింది, లోపల దారంలాంటిది అక్కడే మిగిలింది. వేరు కుళ్ళింది అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వాసన మీరు చూడకపోయినా ఫరవాలేదు. మూతపెట్టి మర్చిపోయిన చద్దన్నం గుర్తు తెచ్చుకోండి, చాలు.

దీనికి మందు అడుగుతారు. మందు ఏంటంటే, ట్రేని నేల మీద నుంచి తీసి ఇనప జాలీ మీద పెట్టడం, దాని మీదకి చిన్న ఫ్యాను తిప్పడం, తేలికయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం. చివరిదే కష్టం. మీ వంటింట్లో కేకులకి వాడే తూకం మిషను ఉంటే, నిండా నీళ్ళు తాగించి ఓసారి, పొడి కోకోపీట్ నింపినప్పుడు ఓసారి ట్రేని తూచి రాసుకోండి. ఆ రెండు అంకెల మధ్యలోకి వచ్చినప్పుడు నీళ్ళు పొయ్యండి. పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో ఓ ఇరవై నిమిషాలు ట్రే పెట్టి, పైపొర రంగు మారగానే తీసెయ్యడం నా పద్ధతి. అలాగని మొత్తం ఎండగట్టకండి. తడి ఆరేకొద్దీ అందులో ఉన్న ఉప్పు చిక్కబడుతుంది. అది ఇంకో బాధ.

ఆ ఉప్పు దగ్గరికే వస్తున్నాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, నేను దెబ్బతిన్నది ఇక్కడే కనక.

మనకేం కొబ్బరి కొత్త కాదు. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం మీదుగా సముద్రం వైపు వెళితే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి అంతా కొబ్బరే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఆ చెట్లని వరసలు వరసలుగా పడుకోబెట్టిన రోజే మన గజపతి కొండల్నీ ఊడ్చేసింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కొబ్బరి డొక్కలోంచి పీచు తీశాక రాలే పొట్టే మనం కొనుక్కునే కోకోపీట్. ఒకప్పుడు పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న చెత్త అది. అంత తొందరగా కుళ్ళదు కాబట్టి దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు దిమ్మలు కొట్టి అమ్ముతున్నారు. 5 కిలోల దిమ్మ నానితే 70 లీటర్ల పైన పొంగుతుంది.

కొబ్బరిచెట్టు ఉప్పుగాలిలో బతుకుతుంది. డొక్కలోనే పొటాషియం, క్లోరైడు దండిగా ఉంటాయి. పైగా కేరళ వైపు పీచు మెత్తబడ్డానికి డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నెలల తరబడి నానబెట్టే పద్ధతి ఉంది. అలా వచ్చిన పొట్టులో సోడియం కూడా చేరుతుంది. బాగా కడిగి అమ్మేవాళ్ళున్నారు, కడక్కుండా అమ్మేవాళ్ళూ ఉన్నారు. దిమ్మ మీద ఏ ముక్కా రాసి ఉండకపోతే కడగలేదనే అనుకోండి.

నేను రిటైరైన ఏడాది అలాంటి దిమ్మ ఒకటి కొన్నాను. ఏ కొట్లో అని అడక్కండి, అతనికీ తెలియదు పాపం. మావారు భుజం మీద మోసుకొచ్చారు. 98 గడుల ట్రేలో మిరప, వంగ, టమాటా వేశాను. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. గింజలో దాని తిండి అది తెచ్చుకుంటుంది కదా. పదో రోజుకి ఆకు అంచులు మాడ్డం మొదలైంది. దీపం తగిలినట్టు, అంచు వెంబడే గోధుమరంగు గీత. నేను ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. ఏమనుకున్నాను? పాపం, ఆకలేమో అనుకున్నాను. 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు, కలిపి పోశాను. ఉప్పు ఎక్కువైన కూరలో ఇంకో గరిటె ఉప్పు వేశానన్నమాట. మూడు రోజుల్లో ట్రే ఖాళీ.

మావారు మంచినీళ్ళ మిషను కోసం కొన్న టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెప్పేది, ఇంట్లో ఉంది. పెన్నులా ఉంటుంది, చవకే. మా కుళాయి నీళ్ళలో ముంచితే 210 చూపించింది. ఆ ట్రేలో కోకోపీట్ పిడికెడు తీసి పిండి, ఆ నీళ్ళలో ముంచితే 1,900. నేను పోసిన ఎరువు అందులో కొంత ఉంది, నిజమే. వాడకుండా మూల పెట్టిన దిమ్మ ముక్కని అవే కుళాయి నీళ్ళలో నానబెట్టి పిండితే 1,400. అప్పుడు తెలిసింది, మొలకల్ని నేను ఉప్పుమడిలో నాటానని.

సరే, కడిగితే పోతుందా? సగం పోతుంది. ఎందుకు సగమో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. గుణుపురం బస్సు ఎక్కారు కదా అందరూ. సీట్లు నిండిపోయి, మధ్య దారిలో కూడా జనం నిలబడి ఉంటారు. కోకోపీట్ పొట్టు అలాంటి బస్సు. సీట్లలో కూర్చున్నదీ, నిలబడ్డదీ సోడియం, పొటాషియమే. మీరు మామూలు నీళ్ళతో కడిగితే నిలబడ్డవాళ్ళు దిగిపోతారు. కూర్చున్నవాళ్ళు కదలరు. కాల్షియం ఎక్కితేనే లేస్తారు, దానికి రెండు విద్యుదావేశాలు ఉంటాయి కాబట్టి ఒక్కటొచ్చి ఇద్దర్ని లేపి ఆ రెండు సీట్లలో కూర్చుంటుంది. మీరు ముందే అలా కూర్చోబెట్టకపోతే ఏమవుతుంది? తర్వాత మొక్క కోసం పోసే కాల్షియం, మెగ్నీషియం మొక్కకి చేరకుండా ఖాళీ చేయించిన సీట్లలోకి పోతాయి. లేచిన పొటాషియం, సోడియం వేరు మీద పడతాయి. మొక్కకి మాత్రం ఆకలి తీరదు. కొత్తాకులు ముడుచుకుని, అంచులు నలిగి, చిగురు నల్లబడుతుంది. పురుగు పట్టిందని మందు కొట్టేవాళ్ళని చూశాను నేను.

కాబట్టి నేను చేసేది ఇది. 5 కిలోల దిమ్మని పెద్ద టబ్బులో నానబెట్టి, విడదీసి, గోనెసంచిలో పోసి, కింద నుంచి కారిపోయేలా మూడుసార్లు నీళ్ళు పోస్తాను. తర్వాత 100 గ్రాముల కాల్షియం నైట్రేట్‌ని 20 లీటర్ల నీళ్ళలో కరిగించి అందులో రాత్రంతా ఉంచుతాను. పొద్దున్నే వడకట్టి, మళ్ళీ ఓసారి మంచినీళ్ళు. ఆఖర్న కారిన నీళ్ళలో మీటరు ముంచితే, నేను పోసిన నీళ్ళ కంటే రెండొందలకి మించి ఎక్కువ చూపించకూడదు. చూపిస్తే ఇంకోసారి. నీళ్ళు ఖర్చవుతాయి, ఒప్పుకుంటాను. కొబ్బరిచెట్టు మొదట్లో పొయ్యండి, అది ఏమీ అనదు.

"టీచరుగారూ, మేం మంచినీళ్ళ మిషను వదిలేసే నీళ్ళు పోస్తాం. వృథా ఎందుకని."

అదీ అడగాల్సిన మాట! ఆ మిషను ఏం చేస్తుంది బాబూ? ఉప్పులన్నీ తీసి ఓ పక్కకి తోసి, మిగిలినవి మీకు తాగమంటుంది. ఆ తోసేసిన నీళ్ళే ఈ పైపులోంచి వచ్చేవి. కుళాయి నీళ్ళ కంటే ఉప్పు వాటిలోనే ఎక్కువ. గచ్చు కడుక్కోండి, బాత్రూములో వాడుకోండి. నారుకి మాత్రం వద్దు. మీకు మేడ ఉంది కదా, వానాకాలంలో రెండు డ్రమ్ములు నింపుకోండి.

ఇక ఆకు.

ఇక్కడ ఒక భాషా సమస్య ఉంది. మొన్న ఒకావిడ ఫోన్ చేసి, "మా టమాటా నారు పచ్చగా అయిపోయిందండీ" అంది. సంతోషమమ్మా అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. పచ్చకామెర్లలో పచ్చ వేరు, పచ్చిగడ్డి పచ్చ వేరు, మనకి రెంటికీ ఒకటే మాట. మా పక్కింటి ఒడియా ఆమె అయితే బాధ లేదు, చారా హళదియా అయిందంటే పసుపు, సబుజ అంటే ఆకుపచ్చ. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. వాడుకమాట కోసం ఆయన అంత పోరాడితే, ఈ ఒక్కచోట వాడుక మనల్ని ముంచుతోంది. అందుకని ఫోన్లో నాతో పచ్చ అనకండి. పసుపు అనండి. ఏ ఆకు పసుపు అయిందో కూడా చెప్పండి, ఎందుకంటే అసలు కిటుకంతా అందులోనే ఉంది.

కొన్ని పోషకాల్ని మొక్క ఒకచోట నుంచి ఇంకోచోటికి మోసుకుపోగలదు. ఇంట్లో బియ్యం తక్కువైతే పెద్దవాళ్ళు తమది తగ్గించుకుని పిల్లలకి పెట్టినట్టు, నత్రజని తక్కువైతే కింది ఆకులోంచి తీసి చిగురుకి పంపుతుంది. కాబట్టి కింది ఆకు మొత్తం వెలవెలబోయి, చిగురు బాగుంటే నత్రజని లోటు. కింది ఆకులోనే ఈనెలు ఆకుపచ్చగా ఉండి, ఈనెల మధ్య పసుపైతే మెగ్నీషియం. ఇనుము, కాల్షియం అలా కదిలేవి కావు. అవి తక్కువైతే దెబ్బ చిగురుకే. చిగురాకు ఈనెలు ఆకుపచ్చ, మధ్యంతా పసుపు, ఒక్కోసారి తెలుపు అయిపోతే ఇనుము. చిగురు మెలిపడి అంచులు చస్తే కాల్షియం.

మొట్టమొదట వచ్చిన రెండు గుడ్డి ఆకులు ఉంటాయే, అవి పసుపై రాలిపోతే దానికి ఫోన్ చెయ్యకండి. పైన నాలుగు అసలాకులు వచ్చాక వాటి పని అయిపోయింది, వెళ్ళిపోతాయి.

అయితే మళ్ళీ మొదటికే వస్తాను. వేరు కుళ్ళినా కింది ఆకు పసుపే అవుతుంది. నీళ్ళు క్షారంగా ఉంటే, ఇనుము ఉండి కూడా అందదు. అడుగు చూడకుండా ఈ పట్టిక పట్టుకుని ఎరువులు కొనడానికి బయల్దేరితే, కొట్టువాడు బాగుపడతాడు.

తిండి లెక్క చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. కోకోపీట్‌లో మొక్క తినేది దాదాపు ఏమీ లేదు. మట్టిలో అయితే నెల రోజులు మర్చిపోయినా నడుస్తుంది, ఇందులో నడవదు. మొదటి అసలాకు విప్పుకున్న రోజు నుంచీ పెట్టాలి. లీటరు నీళ్ళకి అర గ్రాము 19:19:19. నిజంగానే అర గ్రాము, చెంచా కాదు. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. అందుకని ఒకసారి అది, తర్వాతిసారి లీటరుకి అర గ్రాము కాల్షియం నైట్రేట్. వారానికోసారి అంతే కొలత మెగ్నీషియం సల్ఫేట్. మూడూ ఒకే సీసాలో చిక్కగా కలిపి దాచుకోవద్దు. కాల్షియం వెళ్ళి సల్ఫేటుతోనూ, ఫాస్ఫేటుతోనూ జతకట్టి తెల్లటి సున్నంలా అడుక్కి దిగుతుంది. ఈ లెక్కలన్నీ ఎవరు పడతారు అనుకునేవాళ్ళు, మూడు వంతుల కోకోపీట్‌లో ఒక వంతు బాగా మాగిన వర్మికంపోస్టు కలిపేసుకోండి. కొత్తవాళ్ళకి నేను చెప్పేది అదే. అది తప్పుల్ని కాస్త కాచుకుంటుంది.

"రాత్రి బాగానే ఉంది, పొద్దున్నకి పడిపోయింది. అదేంటండీ?"

నారుకుళ్ళు. దగ్గరగా చూస్తే ఆకులు ఇంకా తాజాగానే ఉంటాయి, కాడ మాత్రం నేల తాకేచోట ఉడికించినట్టయి, దారంలా సన్నబడి, అక్కడికి విరుగుతుంది. రైజోక్టోనియా లాంటి శిలీంధ్రాలు, శిలీంధ్రంలాగే ఉండే పితియం చేసే పని. పడినదాన్ని నిలబెట్టే మందు లేదు. పుల్ల కట్టి నిలబెట్టేవాళ్ళని చూశాను, వాళ్ళ మనసు మంచిది, అంతే. పడినవాటినీ, వాటి చుట్టుపక్కల గడుల్లో ఉన్నవాటినీ కోకోపీట్‌తో సహా తీసి బయట పారెయ్యాలి. పెరట్లో కాదు, చెత్తలో. మిగిలినవాటికి నీళ్ళు ఆపి గాలి పెంచాలి. మూత పెట్టి మొలకెత్తించినవాళ్ళు మొలక తల ఎత్తిన రోజే మూత తీసెయ్యాలి. పాత ట్రేలని బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఎండలో పెట్టాక వాడాలి. ట్రైకోడెర్మా విరిడి అని దొరుకుతుంది, అది మంచి శిలీంధ్రం, గింజ వేసేటప్పుడే కోకోపీట్‌లో కలుపుకుంటే చెడ్డదానికి చోటివ్వదు. వచ్చాక వేస్తే ఆలస్యమే. కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకి 3 గ్రాములు కలిపి మొదట్లో పొయ్యడం పొలాల్లో చేస్తారు. మనం నారు పెంచేది పిల్లలు తిరిగే ఇంట్లో. నేనైతే ఆ ట్రే పారేసి మళ్ళీ గింజ వేసుకుంటాను. మిరపగింజ పొట్లం అంత ఖరీదేం కాదు.

"పసుపు చల్లితే?" చల్లాను. నాకైతే తేడా కనబడలేదు, కాళ్ళకి పారాణి పెట్టినంత అందంగా మాత్రం ఉంది.

(నవ్వులు.)

కాడ సన్నగా, జానెడు పొడుగు సాగి, కిటికీ వైపు వంగిపోవడం మీ అందరికీ తెలిసిందే. దానికి తిండీ నీరూ కారణం కాదు, వెలుగు. మన కన్ను ఈ విషయంలో పెద్ద అబద్ధాలకోరు. గదిలో బాగా వెలుతురుగా ఉంది అంటాం. నడి ఎండ లక్ష లక్సు దగ్గర ఉంటే, గదిలో మధ్యాహ్నం కూడా కొన్ని వందలే. ఫోన్లో కొలిచే యాప్ ఉంటుంది, ఓసారి కొలుచుకోండి, నమ్మకపోతే. రెండు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు నారుకి జానెడు ఎత్తులో, గొలుసుతో వేలాడదీసి, మొక్క పెరిగేకొద్దీ పైకి లాగుతూ, రోజుకి 14 నుంచి 16 గంటలు. గోడకి ఆరడుగుల ఎత్తులో ఉన్న ట్యూబ్‌లైటు మనం పేపరు చదువుకోవడానికి. సాగిపోయిన టమాటాని గుడ్డి ఆకుల దాకా లోతుగా పాతితే కాడ నుంచే వేళ్ళు తొడుగుతుంది, బతికిపోతుంది. ఆనప, దోస అలా పాతకండి, కుళ్ళిపోతాయి.

నుసుముల్లాంటి నల్ల ఈగలు లేస్తున్నాయంటే పైపొర ఎప్పుడూ తడిగా ఉంటోందని అర్థం. వాటి పిల్లపురుగులు వేళ్ళ నూగు కొరుకుతాయి. పచ్చి బంగాళదుంప ముక్క ఒకటి కోకోపీట్ మీద బోర్లించి, రెండు రోజులాగి తిప్పి చూడండి. నల్ల తలతో తెల్లటి సన్న పురుగులు కనబడతాయి. పైన ఆరనివ్వండి, పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి. తెల్ల బూజుకి కంగారు పడక్కర్లేదు, గోటితో గీరెయ్యండి. ఆకుపచ్చ పాచి కడితే మాత్రం నీళ్ళు తగ్గించమని.

"పిన్నీ, మా వంగ నారు కింద ఊదారంగు తిరిగింది. భాస్వరం తక్కువని మా అబ్బాయి గూగుల్లో చూశాడు."

గూగుల్ తప్పు చెప్పలేదమ్మా. కానీ ట్రే ఎక్కడ పెట్టావు? బాల్కనీ గదిలో, కిటికీ తెరిచి. సంక్రాంతి వెళ్ళి పట్టుమని పది రోజులు కాలేదు. మన కొండల మీద నుంచి దిగే రాత్రి చలికి మనమే రెండు దుప్పట్లు కప్పుకుంటున్నాం. వేరు చల్లబడితే భాస్వరం కళ్ళ ముందున్నా లాక్కోలేదు. పైగా వంగలో కొన్ని రకాలు పుట్టుకతోనే ఊదా. భాస్వరం కొనకు. రాత్రిళ్ళు థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత వారగా వెయ్యి, పొద్దున్నే తీసెయ్యి. కొత్తగా వచ్చే ఆకులు మామూలుగా వస్తే అంతే సంగతి. మిరప గింజలకి మొలకెత్తడానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. వెనకటి వాళ్ళు గింజల్ని తడిగుడ్డలో మూటకట్టి గడ్డిలో దాచింది అందుకే. ఫ్రిజ్జు మీద పెట్టమని చెబుతుంటారు. ఇప్పటి ఫ్రిజ్జులు పైన వెచ్చగా ఉండవు, చెయ్యి వేసి చూసి పెట్టుకోండి.

ఇంకెవరైనా? మీరు ట్రే తెచ్చుకున్నారా అమ్మా? ఇలా ఇవ్వండి.

(ఒకావిడ గుడ్డ కప్పిన ట్రే ముందుకి తెచ్చారు.)

టమాటా. ఎన్నాళ్ళది? ఇరవై రెండు రోజులు. నాలుగు అసలాకులు ఉండాలి, రెండే ఉన్నాయి. కింది ఆకు పసుపు. మీ మనసులో ఏముంది? నత్రజని. ఏం పోశారు? వర్మివాష్, జీవామృతం, మొన్న యూరియా చిటికెడు. సరే. ముందు ఎత్తుదాం. అబ్బో, బరువుంది. ఇలా పట్టుకో బాబూ, ఆ పెన్సిలు ఇటియ్యి.

ఇది చూడండి అందరూ. ముద్ద పైభాగంలో వేళ్ళు తెల్లగా ఉన్నాయి, బాగున్నాయి. సగం దాకా వచ్చి, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయాయి. గీత కింద కోకోపీట్ నల్లగా, వేరన్నది లేదు. గీత ఎక్కడుందో ఈ ట్రేకి బయట నుంచి చూపిస్తాను. ఇదిగో, ప్లాస్టిక్ మీద తెల్లటి ఉప్పు చార, సరిగ్గా అదే ఎత్తులో. అంటే ఇన్నాళ్ళూ ఇంతవరకూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. మీ ట్రేకి చిల్లులు ఉన్నాయి, చక్కగా ఉన్నాయి. ఇంట్లో దీన్ని దేంట్లో పెడుతున్నారమ్మా?

"స్టీలు పళ్ళెంలో అండీ. గచ్చు పాడవుతుందని. అందులో నీళ్ళు పోస్తే అవే తాగుతాయి కదా అని తీయను."

అయితే ఇంక నేను చూడాల్సిందేమీ లేదు. పై వేళ్ళు బతికే ఉన్నాయి కాబట్టి మొక్క బతుకుతుంది. నాలుగు రోజులు ఏమీ పొయ్యకండి, యూరియా అసలే వద్దు. రెండు ఇటుకల మీద జాలీ వేసి దాని మీద పెట్టండి, గచ్చు మీద పాత గుడ్డ పరచుకోండి. తేలికయ్యాక మామూలు నీళ్ళు పై నుంచి ధారాళంగా ఓసారి పోసి, ఆ ఉప్పు కిందకి పోనివ్వండి. కొత్తాకు రంగు వారంలో చెబుతుంది. ఆ స్టీలు పళ్ళెం మాత్రం ఇంటికెళ్ళగానే తోమి వంటింట్లో పెట్టెయ్యండి.